అర ఎకరంలో ఆపిల్ తోట: ఎక్కడ, ఏ రకం, ఎవరికి అమ్మడానికి?

జూన్ వచ్చిందంటే మా తోట ఫొటోలు చూసి ఫోన్లు మొదలవుతాయి. అందరూ ముందు అడిగేది ఒకటే: "ఏ రకం పెట్టమంటారు?" నేను జవాబు చెప్పకుండా తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మీ ఊళ్లో డిసెంబర్, జనవరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయి? కాయ చేతికొచ్చాక ఎవరికి అమ్ముతారు? ఈ రెండూ తేలితే రకం ఎంచుకోవడం పెద్ద పని కాదు. ఇవి తేలకుండా మొక్కలు తెచ్చి పెట్టినవాళ్లు నాలుగేళ్ల తర్వాత చెట్లు కొట్టేసి జామ వేసుకోవడం నేను చూశాను. అందుకే నాకు తెలిసినంతవరకు ఒక్కచోట రాసిపెడుతున్నాను.

మాది సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ దగ్గర. ఎర్ర నేల. మొత్తం పొలంలో ఇరవై గుంటలు ఆపిల్‌కు ఇచ్చాను. పదిహేను అడుగులకొక మొక్క చొప్పున 90 చెట్లున్నాయి. తోటకు ఇది ఆరో ఏడు. మిగతా పొలంలో మామిడి, జామ ఉన్నాయి. ఇల్లు గడిచేది వాటితోనే. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసంలో నేనిచ్చే సలహా అంతా దాని మీదే నిలబడి ఉంది.

ముందు చోటు సంగతి

ఆపిల్ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితే తప్ప మొగ్గ సరిగ్గా మేల్కోదు. దీన్నే చలి గంటలు అంటారు. సిమ్లా, కులూ వైపు పెంచే రాయల్ డెలిషియస్‌కు సుమారు వెయ్యి గంటలు కావాలి. జహీరాబాద్‌లో 7 డిగ్రీల లోపుకు దిగే రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రకాన్ని ఇక్కడ నాటితే చెట్టు చచ్చిపోదు, అదే అసలు చిక్కు. బతుకుతుంది, కొమ్మల చివర నాలుగు ఆకులు వేస్తుంది, మధ్యలో కొమ్మంతా బోడిగా ఉంటుంది. పూత మాత్రం రాదు. మనం ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అని ఎదురుచూస్తూ కూర్చుంటాం.

మరి హిమాచల్ వెళ్లి అక్కడే తోట కొనుక్కుంటే? ఈ ఆలోచన చాలామందికి వస్తుంది, ముఖ్యంగా కులూ, మనాలీ టూరుకెళ్లి వచ్చినవాళ్లకు. అక్కడ 1972 నాటి కౌలు, భూసంస్కరణల చట్టంలో 118వ సెక్షన్ ఉంది. ఆ రాష్ట్ర వ్యవసాయదారులు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా అక్కడ వ్యవసాయ భూమి కొనలేరు. స్నేహితుడి పేరు మీద కొని పెట్టుకుందామనే ఆలోచన అసలు వద్దు. మనవాళ్లు చేయగలిగేది ఒకటుంది. ఇక్కడ మామిడి తోటను గుత్తకు పట్టినట్టే అక్కడ కూడా చెట్టు మీద ఉన్న కాపును ఠేకాకు తీసుకుంటారు. కానీ అది పండ్ల వ్యాపారం. వడగళ్లు పడితే మొత్తం పెట్టుబడి ఒక్క సాయంత్రంలో పోతుంది. తోట పెంచాలన్న కోరిక ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

మన రాష్ట్రాల్లో వాతావరణం చూస్తే మొదటి పేరు చింతపల్లి, లంబసింగిదే. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. చలికాలంలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగుతుంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చింతపల్లి, అరకు ప్రాంతాల్లో ఆపిల్ సాగును పరీక్షించి చూసిందీ అందుకే. అయితే అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ కుదరదు, కుదరకూడదు కూడా. అక్కడి గిరిజన రైతుకైతే నా సలహా వేరు: కాఫీ, మిరియం ఉన్న తోటను కదిలించకుండా, ఇంటి దగ్గర చెక్కలో పాతిక మొక్కలు పెట్టి చూడండి.

పర్యాటకులు వస్తారు కదా, వాళ్లకే అమ్మేస్తాం అని లెక్క వేసేవాళ్లు క్యాలెండర్ ఒకసారి చూడాలి. లంబసింగికి జనం వచ్చేది నవంబర్ నుంచి జనవరి దాకా, పొగమంచు కోసం. తక్కువ చలి రకాల ఆపిల్ కోతకొచ్చేది వేసవి చివర. ఆ జనానికి సరిగ్గా సరిపోయే పంట స్ట్రాబెర్రీ. అక్కడి రైతులు ఆ సంగతి ముందే గ్రహించారు.

రెండోది ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతం. తెలంగాణలో చలి ఎక్కువగా ఉండే చోటు ఇదే. కెరమెరి మండలం ధనోరాలో పండిన ఆపిల్ 2020లో వార్తల్లోకి ఎక్కింది. తెలంగాణలో ఈ పంట మీద ఆశ మొదలైంది అక్కడి నుంచే. ఆ వైపు కూడా చాలా మండలాలు ఏజెన్సీలోనే ఉన్నాయి, భూమి విషయంలో అదే చట్టం.

మూడోది మాలాంటి మైదానం: జహీరాబాద్, వికారాబాద్, అటు మదనపల్లె. సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తు, రాత్రి చలి మోస్తరు. ఇక్కడ పంట వస్తుంది, కానీ చెట్టును మనమే నిద్రపుచ్చి మనమే లేపాలి. భూమధ్యరేఖకు అంత దగ్గరున్న ఇండోనేషియాలో, జావా దీవిలోని బతు అనే కొండ ఊళ్లో చేత్తో ఆకు దులిపి ఏడాదికి రెండు కాపులు తీస్తారు. మనం చేసేదీ అదే పద్ధతి, ఒక కాపుకు. బత్తాయి రైతులకు ఇది కొత్తేమీ కాదు. నవంబర్ చివర నీళ్లు ఆపి తోటను బెట్టకు వదులుతాం. డిసెంబర్ చివరి వారంలో మిగిలిన ఆకు తీసేసి, కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి మళ్లీ తడి ఇస్తాం. ఆకు తీసేటప్పుడు కూలీలు అలవాటుగా గుప్పిట్లో పట్టి లాగేస్తారు. అలా లాగితే ఆకు మొదట్లో గోధుమగింజంత మొగ్గ ఉంటుంది చూడండి, అది కూడా ఊడొస్తుంది. వచ్చే కాపు ఆ మొగ్గలోనే ఉంది. కాడ కొంచెం మిగిల్చి కత్తెరతో కోయించండి. కూలి ఒక రోజు ఎక్కువైనా పర్వాలేదు.

కోస్తా మైదానం, ఒంగోలు, మచిలీపట్నం, కాకినాడ వైపు వాళ్లు అడిగితే వద్దనే చెబుతాను. రాత్రి వేడి, గాలిలో తేమ రెండూ ఈ చెట్టుకు పడవు. ఇంటి పెరట్లో ముచ్చటకు రెండు పెట్టుకుంటే వేరే మాట.

మూడు రకాలు

మైదానానికి నిజంగా పోటీలో ఉన్నవి మూడే: అన్నా, డోర్సెట్ గోల్డెన్, హెచ్ఆర్ఎంఎన్-99. మూడూ 300 చలి గంటల లోపే సరిపెట్టుకుంటాయి.

అన్నా ఇజ్రాయెల్‌లో పుట్టిన రకం. కాయ కాస్త పొడుగు, మీద ఎర్రటి ఛాయ, తీపి. మన కస్టమర్ కంటికి "ఆపిల్" లాగా కనిపించేది ఇదే. దీనికి రెండు లోపాలున్నాయి. పక్కన మరో రకం లేకపోతే కాపు సరిగ్గా నిలవదు, పరపరాగ సంపర్కం కావాలి. రెండోది, కోసిన తర్వాత మామూలు గదిలో తొందరగా మెత్తబడి పిండిపిండిగా అయిపోతుంది.

డోర్సెట్ గోల్డెన్ బహామా దీవుల్లో దొరికిన రకం. అన్నాతో పాటే పూస్తుంది కాబట్టి దానికి జోడీగా పెడతారు. రుచిలో తీపి, పులుపు రెండూ ఉంటాయి. నాకైతే మూడింటిలో ఇదే ఇష్టం. కానీ కాయ పసుపు రంగు. "ఇంకా పండలేదా అండీ?" అని అడగని కస్టమర్ లేరు. ముక్క కోసి చేతిలో పెడితే కొంటారు, దూరం నుంచి చూసి కొనరు. ఎవరికి అమ్ముతారన్న ప్రశ్న రకంతో ముడిపడేది ఇక్కడే.

హెచ్ఆర్ఎంఎన్-99 మన దేశపు రకం. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామ రైతు హరిమన్ శర్మ పెరట్లో, పారేసిన గింజ నుంచి మొలిచిన మొక్కతో మొదలైంది. ఆ ఊరు ఆపిల్ పండే ఎత్తులో లేదు, మామిడి పండే చోటు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఈ రకాన్ని దేశమంతా పంపి పరీక్షించింది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇది ఒంటరిగా కూడా కాస్తుంది, చెట్టు మొండిగా పెరుగుతుంది, కొత్తవాళ్ల పొరపాట్లను అన్నా కంటే బాగా ఓర్చుకుంటుంది.

ఇంతకీ ఏది? ఇరవై మొక్కల లోపు పెట్టేవాళ్లకు హెచ్ఆర్ఎంఎన్-99 ఒక్కటే చాలు, జోడీ లెక్కలతో టెన్షన్ లేదు. నాలా అర ఎకరం వేసేవాళ్లు సగం హెచ్ఆర్ఎంఎన్-99 పెట్టి, మిగతా సగంలో ప్రతి ఎనిమిది అన్నా మొక్కలకు ఒక డోర్సెట్ పెట్టుకుంటే రంగు, రుచి, భద్రత మూడూ కొంత కొంత దక్కుతాయి. ఏ రకమైనా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఆపిల్‌కు ముదురు ఎరుపు రావాలంటే కోతకు ముందు రాత్రులు చల్లగా ఉండాలి. మనకు మే నెల. కాబట్టి నర్సరీ బోర్డు మీది ఎరుపు మన చెట్టు మీద రాదు.

పైన ఏముందో కాదు, కింద ఏ వేరు ఉందో చూడండి

ఆపిల్ మొక్క అంటే రెండు మొక్కలు. కింద వేరు ఒకటి, పైన అంటు మరొకటి. చెట్టు ఎంత ఎత్తు పెరగాలి, ఎన్నో ఏట కాయాలి, నీళ్లు లేకపోతే ఎన్నాళ్లు ఓర్చుకోవాలి అన్నది చాలావరకు కింది వేరే తేలుస్తుంది. చాలామంది రకం గురించి గంట మాట్లాడి దీని గురించి ఒక్క మాట కూడా అడగరు.

గింజ వేరు మీద కట్టిన అంటు పెద్ద చెట్టవుతుంది, ఆలస్యంగా కాస్తుంది. హిమాచల్ పాత తోటల్లో ఇవే ఉంటాయి, మంచి కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఎమ్-9 అనే పొట్టి వేరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడు మీటర్ల వరసల్లో మీటరుకొక మొక్క పెడితే ఎకరానికి 1,300 పైగా పడతాయి, రెండో మూడో ఏడు నుంచే కాపు. కులూలో ఇలాంటి కొత్త తోట చూసినప్పుడు నాకూ ఆశ పుట్టింది. ద్రాక్ష పందిరిలా స్తంభాలు, తీగలు, ప్రతి మొక్కకూ డ్రిప్. కానీ ఆ వేరు పైపైనే ఉంటుంది, తీగ ఆసరా లేకపోతే చెట్టు నిలబడదు, నీళ్లు ఒక్క వారం తప్పితే తట్టుకోలేదు. మన ఏప్రిల్ ఎండకు ఆ పెట్టుబడి పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

మధ్యలో ఉన్నది ఎమ్ఎమ్-111. చెట్టు ఓ మోస్తరు ఎత్తు, వేరు లోతుగా దిగుతుంది, నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది, వేరుకు పట్టే దూది పేనును కూడా తట్టుకుంటుంది. మైదానంలో నా ఓటు దీనికే. మూడు నాలుగేళ్లలో కాపు మొదలవుతుంది.

నేను మొదట మోసపోయింది ఇక్కడే. మొదటి విడత 40 మొక్కలు ఒక నర్సరీ నుంచి తెప్పించాను, ఫోన్‌లో అంటు మొక్కలనే చెప్పారు. మూడేళ్లు పెంచాక ఒక్క పూత లేదు. తెలిసిన ఉద్యాన అధికారి వచ్చి మొదట్లో వేలితో తడిమి చూసి, "ఇవి అంటు కట్టినవి కావు, గింజ మొక్కలు" అన్నారు. ఇప్పుడు మొక్క దింపేటప్పుడే నేనూ అదే చేస్తాను. నేల నుంచి జానెడు లోపు బొటనవేలు జరుపుతూ వస్తే ఒకచోట బుడిపె తగలాలి, అక్కడ కాండం కొంచెం వంకర తిరిగి ఉండాలి, పైన బెరడు రంగు ఒకటి, కింద రంగు మరొకటి ఉండాలి. బుడిపె తగలకపోతే ఆ మొక్క వెనక్కి పంపేయండి. నాటేటప్పుడు ఆ బుడిపె నేలకు నాలుగైదు వేళ్ల పైన ఉండాలి. మట్టిలో పూడిస్తే పై అంటు సొంత వేళ్లు వేసి, మనం డబ్బు పెట్టి కొన్న వేరు గుణం పోతుంది.

నేల గురించి రెండు మాటలు చాలు. నీరు నిలవకూడదు. నల్లరేగడి అయితే ఎత్తు బెడ్ చేయకుండా నాటొద్దు. చెదలకు వేపపిండి, కాండానికి ఎండ దెబ్బ తగలకుండా సున్నం పూత, వేసవిలో పాదుల్లో ఎండు గడ్డి కప్పడం మామూలు పనులే, ఏ పండ్ల రైతుకైనా తెలిసినవే.

అమ్మకం: అసలు తేడా ఇక్కడుంది

మన ఆపిల్ జూన్ అటూ ఇటూగా వస్తుంది. హిమాచల్ కొత్త కాయ దిగేది జులై నుంచి. అంటే ఆ సమయానికి బజారులో ఉన్నది కోల్డ్ స్టోరేజీ కాయ, విదేశీ కాయ. "ఖాళీ సీజన్, మంచి రేటు" అని అందరూ చెప్పేది ఈ లెక్కే. అది సగం నిజం. మిగతా సగం మామిడి. జూన్‌లో మన ఇళ్లలో పండు అంటే మామిడే, పైగా అప్పటికి రేటు పడిపోయి ఉంటుంది.

హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తీసుకెళ్లారనుకోండి. అక్కడ మీ పక్కన ఉండేది ఒకే సైజు, ఒకే ఎరుపు, ట్రేలో పేర్చిన డబ్బాలు. మీ దగ్గర ఉండేది ఎరుపు, పసుపు కలిసిన, చిన్నా పెద్దా ఉన్న పదిహేను క్రేట్లు. కొనేవాడు రంగు చూసి రేటు కడతాడు, రుచి చూసే తీరిక ఎవరికీ లేదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆ బజారు నడిచే తీరు అది. మన కాయకు అది తగిన చోటు కాదు, అంతే.

లెక్క వేసి చూద్దాం. 90 చెట్లు, చెట్టుకు 8 కిలోల చొప్పున 720 కిలోలు. చిలకలు, పండు ఈగ, ఎండ దెబ్బ కలిపి ఐదో వంతు పోయిందనుకుంటే 570 కిలోలు మిగిలాయనుకుందాం. కిలో 50కి టోకుగా ఇస్తే 28,500 రూపాయలు. గేటు దగ్గరో, తెలిసిన అపార్ట్‌మెంట్లలోనో కిలో 120కి ఇస్తే 68,400. రేట్లు మీ ఊరిని బట్టి మార్చుకోండి. చెట్లు అవే, నీళ్లు అవే, కూలి అదే. తేడా 39,900 మాత్రం ఎవరికి అమ్మామన్న దాంట్లోంచి వచ్చింది. టోకు రేటుకు ఈ తోట నిలవదు, అందుకే నేరుగా అమ్ముకోలేనివాళ్లను నేను ప్రోత్సహించను.

ఇంకో దారి, జనమే వచ్చి కోసుకోవడం. అమెరికాలో ఉన్న మనవాళ్లు సెప్టెంబర్, అక్టోబర్‌లో పిల్లలతో తోటలకెళ్లి బుట్ట నింపుకొని వస్తారు, ఆ ఫొటోలు మనం చూస్తూనే ఉంటాం. హైదరాబాద్‌కు రెండు గంటల దూరంలో రోడ్డు పక్కన తోట ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. మా చెట్లకు చిలకల వల కట్టాం, రెండు వారాంతాలు మాత్రమే గేటు తెరుస్తాం. వచ్చినవాళ్లకు ముందు ఒక చెట్టు దగ్గర నిలబెట్టి కోయడం చూపిస్తాను. మామిడికాయలా కిందికి లాగొద్దు. అరచేతిలో కాయను పెట్టి పైకి ఎత్తి కొంచెం తిప్పితే కాడతో సహా వచ్చేస్తుంది. కిందికి లాగితే కాయ వెనక ఉన్న పొట్టి కణుపు విరుగుతుంది, ఏటేటా కాయలు వచ్చేది ఆ కణుపుకే. మొదటి ఏడు ఇది చెప్పలేదు, ఒక్క మధ్యాహ్నంలో ఎన్ని కణుపులు విరిగాయో సాయంత్రం ఏరుకుంటూ చూశాను.

ఎప్పుడు గేటు తెరవాలో రంగు చూసి చెప్పలేం కాబట్టి నేను మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ వాడతాను. కాయను అడ్డంగా కోసి, నీళ్లు కలిపిన అయోడిన్ పూస్తాను. ముక్కంతా నల్లబడితే పిండి ఇంకా చక్కెరగా మారలేదు, వారం ఆగాలి. మధ్యలో తెల్లబడి అంచున మాత్రమే నలుపు మిగిలితే కోతకు సిద్ధం. ఆ ముక్క తినకూడదు, పిల్లలకు అందకుండా పారేయండి.

మొక్కలు కట్టి అమ్మడం మూడో దారి. కాయ కంటే మొక్కకే డబ్బు ఎక్కువని చాలామంది అటు దిగుతున్నారు. మీ సొంత తల్లిచెట్టు కనీసం రెండు కాపులు కాసి ఉంటే, ఏ వేరు మీద కట్టారో చీటీ రాసి ఇవ్వగలిగితే చేయండి. లేదంటే నాకు జరిగిందే ఇంకో రైతుకు మీ చేతుల మీద జరుగుతుంది.

ఎవరు వేయాలి, ఎవరు వద్దు

ఉన్నదే అర ఎకరం, దాని మీదే ఇల్లు గడవాలి అన్నవాళ్లు ఆపిల్ వేయొద్దు. తైవాన్ జామ రెండో ఏటి నుంచే చేతికొస్తుంది. వర్షాధార నేలైతే బాలానగర్ సీతాఫలం ఉంది, అడిగేవాళ్లూ ఉన్నారు. ఆపిల్ మొదటి మూడేళ్లు ఒక్క రూపాయి ఇవ్వదు. అప్పు తెచ్చి అసలే వద్దు. మూడేళ్ల వడ్డీ మొత్తం కాపు విలువను మింగేస్తుంది.

ఇప్పటికే పండ్ల తోట ఉండి, నీటికి ఇబ్బంది లేకుండా, రోడ్డుకో పట్నానికో దగ్గరగా ఉన్నవాళ్లు, ఇంట్లో ఒకరైనా కస్టమర్‌తో ఓపిగ్గా మాట్లాడగలిగినవాళ్లు నిశ్చింతగా అర ఎకరం దాకా వేయొచ్చు. ఎకరం దాటితే నేరుగా అమ్మడం చేతకాదు, మళ్లీ టోకు బజారు దారి పట్టాల్సి వస్తుంది.

ఈ ఏడాదే మొదలుపెట్టాలనుకునేవాళ్లు నవంబర్‌లో ఒక కనిష్ఠ, గరిష్ఠ థర్మామీటర్ కొని పొలంలో నీడన కట్టండి, ఫిబ్రవరి దాకా రోజూ పొద్దున రాసుకోండి. హిమాచల్ నుంచి మట్టి లేని వేళ్ల మొక్కలు డిసెంబర్, జనవరిలో వస్తాయి, తడి గోనెలో చుట్టి ఉండాలి, వచ్చిన రోజే నాటాలి. కాబట్టి గుంతలు నెల ముందే తవ్వి పశువుల ఎరువు కలిపి ఉంచండి. తర్వాత అర ఎకరం దాకా పెంచాలనుకునేవాళ్లకు మొదటి ఏడు పరీక్షకు పది మొక్కలు చాలు: ఆరు హెచ్ఆర్ఎంఎన్-99, మూడు అన్నా, ఒక డోర్సెట్. నర్సరీకి ఫోన్ చేసినప్పుడు రేటు కంటే ముందు "ఏ వేరు మీద కట్టారు?" అని అడగండి. అవతలి నుంచి వెంటనే జవాబు రాకపోతే ఫోన్ పెట్టేసి మరో నర్సరీ చూసుకోండి.